విప్పినవాడి బండి

సింగరేణి బొగ్గుగనుల ఊళ్లలో వారానికొకసారి ప్లేడే, అంటే సెలవు రోజు, వస్తుంది. ఆ రోజు పొద్దున్నే భూపాలపల్లిలో మంజూర్‌నగర్ వైపో, సుభాష్ కాలనీ వైపో నడిస్తే, ఇంటి ముందు గోనెసంచి పరిచి దాని మీద బండి సామాను విప్పి పెట్టుకున్న మనుషులు ఒకప్పుడు ప్రతి వరుసలోనూ ఉండేవాళ్లు. పక్కన కిరోసిన్ పోసిన తట్ట, చేతిలో పాత టూత్ బ్రష్, చెప్పులు విప్పేసిన కాళ్ల దగ్గర పది-పదకొండు, పన్నెండు-పదమూడు నంబర్ల పానాలు. ఇప్పుడు అట్లాంటి వాళ్లు తగ్గారు గానీ, అసలే లేకుండా పోలేదు.

స్పోర్ట్స్ కారు అనే మాట ఈ ఊరికి చాలా దూరం. పరకాల నుంచి భూపాలపల్లి మీదుగా కాటారం, మహదేవపూర్, కాళేశ్వరం దాకా పోయే దారి మీద రాజ్యమంతా బొగ్గు లారీలదీ, ఇసుక లారీలదీ. నేలకు జానెడు ఎత్తులో పరుగెత్తే కారు ఆ దారి మీద ఒక్క రోజు నిలవదు. కానీ స్పోర్ట్స్ కారు వెనకాల ఉన్న తపన వేరే సంగతి. సొంత బండిని సొంత చేత్తో విప్పాలి, ఎందుకు ఆగిందో తెలుసుకోవాలి, కంపెనీ ఇచ్చినదానికంటే దాన్ని కొంచెం చురుగ్గా పరుగెత్తించాలి అనే ఆ తపన ఇక్కడ మూడు తరాలుగా ఉంది. కారు కొనే స్తోమత లేక అది మోటారు సైకిల్ మీద వాలింది. దాని చరిత్రను వెతుక్కుంటూ పోతే హైదరాబాద్ రాజప్రాసాదాల నుంచి తూర్పు జర్మనీ దాకా తిరిగి మళ్లీ ఈ బొగ్గుబావుల దగ్గరికే చేరతాం.

మన వైపు మోటారు బండి మొదట దర్జా కోసం వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన కోసం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చేయించుకున్నాడు. లోపల సింహాసనం లాంటి ఎత్తైన ఆసనం, పైన గుమ్మటం, ఒళ్లంతా పసుపు రంగు. అది చేతికి రాకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. ఆ కారు ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఊరేగింపుల కోసం చేయించిన ఆ బండిని నడిపినవాడు డ్రైవరు, తుడిచినవాడు నౌకరు. ప్రభువుకు దాని ఇంజన్‌తో పనే లేదు.

ఇంజన్‌తో పనిపడ్డది బస్సులు వచ్చాక. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. అవి స్కాట్లాండ్‌కు చెందిన ఆల్బియన్ బస్సులు. గ్లాస్గోలో తయారైన ముక్క ఓడెక్కి రావాలంటే నెలలు పడుతుంది, అంతకాలం బస్సును షెడ్డులో నిలబెట్టి ఉంచితే ప్రయాణికుడు ఊరుకోడు. అరిగినదాన్ని అతికించి, విరిగినదానికి బదులు ఇంకొకటి లేత్ మీద తిప్పి, ఏదో ఒకటి చేసి సాయంత్రానికి బండిని రోడ్డెక్కించడం ఈ నేల మీద డిపోల్లోనే ఒక చదువుగా ఎదిగింది. బడిలో చెప్పని ఆ చదువుకు గురువు ఉస్తాద్. ఫీజు ఏమంటే, కొన్నేళ్లపాటు ఆయనకు పానా అందించడమే.

ఇక్కడ రాచకుటుంబంలోనే పుట్టిన ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1967లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాక వారసత్వం మనవడు ముకర్రం జాకు వచ్చింది. ఒకనాడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుమోసిన మనిషి ఆస్తి అది. దానితో పాటు మూలనపడ్డ కార్లతో నిండిన గ్యారేజీ కూడా ఆయనకే దక్కింది. ముకర్రం జాకు దర్బారు కంటే ఆ గ్యారేజీ మీదే మనసు. నూనె మరకల బట్టలు తొడుక్కొని ఇంజన్ల కింద దూరడం ఆయనకు ఇష్టమైన పని. 1970ల్లో ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే పెద్ద గొర్రెల క్షేత్రం కొనుక్కొని, బుల్డోజర్లు నడుపుతూ, పాత యంత్రాలు విప్పుతూ ఏళ్లు గడిపాడు. జాన్ జుబ్రిస్కీ 2006లో రాసిన ‘ది లాస్ట్ నిజాం’ చదివినవాళ్లకు ఈ సంగతులన్నీ తెలుసు. ఆయన ఆస్తులు ఎట్లా కరిగిపోయాయో చెప్పుకొని నిట్టూర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ కథలో మనసుకు హత్తుకునేది ఆయన చేతి మసే. అంతటి సిరికి వారసుడై కూడా ఒక ఇంజన్‌ను తనంత తాను తిరిగి పలికించడంలో ఉన్న తృప్తిని ఆయన ఇంకొకరికి వదిలిపెట్టలేదు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోయిన ఆయనను తెచ్చి హైదరాబాద్ మక్కా మసీదులో ఖననం చేశారు.

దీనికి పూర్తిగా ఎదురుకొస నుంచి వచ్చినవాడు జి.డి. నాయుడు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893 మార్చి 23న పుట్టాడు. చదువు అబ్బలేదు. వయసులో ఉండగా ఒక ఇంగ్లీషు అధికారి ఆ దారిన రడ్జ్ మోటారు సైకిల్ మీద రావడం చూశాడు. మనిషి గానీ ఎద్దు గానీ లాగకుండా పరుగెత్తే ఆ బండి ఆయనను నిద్రపోనివ్వలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరి, జీతంలోంచి కూడబెట్టి, చివరికి 300 రూపాయలకు ఆ బండినే కొన్నాడు. కొన్నవాడు మొదట చేసిన పని దాన్ని ముక్కముక్కగా విప్పేయడం. మళ్లీ బిగించాడు, మళ్లీ విప్పాడు. ఆ పనితోనే మెకానిక్ అయ్యాడు. 1920లో ఒక బస్సు కొని పొళ్లాచ్చి నుంచి పళని దాకా తానే నడిపాడు. ఆ ఒక్క బస్సే పెరిగి యూఎంఎస్ అనే పెద్ద రవాణా సంస్థ అయింది. ఆ తరువాతి కాలంలో మన దేశపు తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీలోనూ, రకరకాల యంత్రాల తయారీలోనూ ఆయన చెయ్యి ఉంది. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు చేసి దాన్ని 2,000 రూపాయలకు అమ్మొచ్చన్నాడు. ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఆ అనుమతే వచ్చి ఉంటే మన రోడ్ల కథ ఎట్లా ఉండేదోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఇంకో కుర్రవాడు అదే దారిలో నడుస్తున్నాడు. కొలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, పై తొడుగు తీసేసి, తేలికపాటి ఒళ్లు కట్టి పోటీలకు పంపాడు. లోటస్ కంపెనీకి అదే మొదలు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను విడి ముక్కలుగా కూడా అమ్మేవారు, కొన్నవాళ్లు ఇంటి దగ్గర బిగించుకునేవాళ్లు. తయారైన కారు మీద ప్రభుత్వం వేసే కొనుగోలు పన్ను విడి ముక్కల మీద పడదు కదా. ఉన్న ఊళ్లోనే, ఉన్న చేతులతోనే వేగాన్ని పుట్టించుకోవడం ఇంగ్లండులో ఒక పెద్ద పరిశ్రమకు విత్తనమైంది. మన దగ్గర మాత్రం లైసెన్సుల దగ్గరే ఆగిపోయింది.

మళ్లీ మన బావుల దగ్గరికి వద్దాం. ఇల్లందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ తవ్వకం సంస్థ సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. బొగ్గుబావి అంటే తట్టా, చెమ్మసే అనుకుంటాం గానీ, బావిని నడిపేవి హాలేజీ ఇంజన్లు, పంపులు, గాలి పంకాలు. వాటి పక్కన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, టర్నర్లు ఉంటారు. కొత్తగూడెం, బెల్లంపల్లి వర్క్‌షాపుల్లో చెయ్యి తిరిగినవాడికి బేరింగు చప్పుడు వింటేనే దాని ఆయుష్షు తెలిసిపోతుంది. భూపాలపల్లిలో కాకతీయ ఖని పేరుతో బావులు తెరిచాక పాత గనుల నుంచి ఎంతోమంది బదిలీ మీద ఇక్కడికి వచ్చారు. వాళ్లతో పాటు వాళ్ల చేతి పని కూడా వచ్చింది. ఆ కాకతీయ ఖని (కేటీకే) ఇంక్లైన్లలోకి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాక హైడ్రాలిక్స్ తెలిసిన తరం ఒకటి తయారైంది. ఓపెన్ కాస్టుల్లో డంపర్లు, షావెళ్లు. పక్కనే చెల్పూరులో 2010లో 500 మెగావాట్లు, 2016లో ఇంకో 600 మెగావాట్లతో నడక మొదలుపెట్టిన కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇన్ని యంత్రాల చెంత బతికే ఊళ్లు ఎక్కువ లేవు. పల్లెల వైపు చూస్తే, కరెంటు రాకముందు వ్యవసాయ బావుల మీద ఆయిల్ ఇంజన్లు నడిపిన రైతులు ఉన్నారు. గ్యాస్కెట్ కొట్టుకోవడం, నాజిల్ శుభ్రం చేసుకోవడం వాళ్లకు దుక్కి దున్నినంత మామూలు పని.

ఇట్లాంటి చేతుల్లోకి మోటారు సైకిల్ వచ్చి పడింది.

మొదట వచ్చినవి రాజ్‌దూత్ 175, బుల్లెట్, జావా. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో జావాలు చేయడం మొదలుపెట్టింది, 1973 నుంచి వాటికి యెజ్డీ అని పేరు పెట్టింది. యెజ్డీలో కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీ. తలాతోకా తెలియనివాడు కూడా నాలుగు రోజుల్లో విప్పి బిగించగలిగేంత సరళమైన బండి అది. పాయింట్ల మధ్య సందు సరిచూసుకోవడం, క్లచ్ ప్లేట్లు మార్చుకోవడం, గొలుసు బిగించుకోవడం దాని మీదే చాలామంది నేర్చుకున్నారు. బుల్లెట్‌కు ట్యాపెట్ సెట్టింగ్ ఒక అదనపు పాఠం. వీటిలో వేగం కంటే ఓపికకే ఎక్కువ చోటు.

వేగం 1983లో వచ్చింది. ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి రాజ్‌దూత్ 350 తెచ్చింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదటి రకం 30.5 హార్స్‌పవర్, తరువాతి రకం 27. ఆ రోజుల్లో మన రోడ్ల మీద దాని ముందు నిలిచేది ఏదీ లేదు. మన స్పోర్ట్స్ కారు అదే అనుకోవచ్చు. కానీ లీటరుకు 20, 25 కిలోమీటర్లే ఇచ్చే బండిని జీతగాడు భరించలేకపోయాడు, దశాబ్దం గడిచేసరికి తయారీ ఆగింది. ఉన్నవాళ్లు మాత్రం వదల్లేదు. కారణం, దాన్ని చూసుకోవడమే ఒక విద్య. రెండు కార్బురేటర్లు ఒకేసారి, ఒకే మేరకు తెరుచుకోవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒక సిలిండర్ మీద భారం పడి, బండి సన్నగా వణుకుతుంది. మిస్త్రీలు గాలి వచ్చే రంధ్రంలో వేలు పెట్టి, ఎక్సలేటర్‌ను మెల్లగా తిప్పుతూ, రెండు స్లైడులూ ఒకే క్షణంలో కదులుతున్నాయా లేదా అని వేలి కొసతో పట్టుకునేవాళ్లు. నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నది ఇంకా సూక్ష్మం. పిస్టన్ పైకొసకు సరిగ్గా 2 మిల్లీమీటర్లు దిగువన ఉన్నప్పుడు రవ్వ పడాలి. ప్లగ్గు తీసిన రంధ్రంలో డయల్ గేజ్ దించి దాన్ని కొలుస్తారు. ఆ గేజ్ ఉన్న మనిషి కోసం ఊరు దాటి వెళ్లేవాళ్లు.

1985 నవంబరులో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, ఒంట్లో బరువు లేదు. అదే ఏడాది హీరో హోండా సీడీ 100 వచ్చింది. అది నాలుగు స్ట్రోకుల బండి, మైలేజీ మహారాజు. పెట్రోలు పోసి మూతపెట్టి మరిచిపొమ్మని దాని ప్రకటనలే చెప్పేవి. దేశంలో ఎక్కువమంది ఆ మాటే విన్నారు. ఆర్‌ఎక్స్ కొన్నవాడికి మరిచిపోయే వీలు లేదు, అతను మరిచిపోవాలనీ అనుకోలేదు. దసరా అడ్వాన్సుతోనో, దీపావళి బోనస్‌తోనో కొన్న ఆ బండి బావి కాంటిన్ ముందు ఆగిందంటే చప్పుడు బట్టే అది ఎవరిదో చెప్పగలిగేవాళ్లు. 1996 మార్చిలో తయారీ ఆగిపోయింది. ఆ తరువాత 22 ఏళ్లకు, 2018లో, అదే పేరుతో తెలుగు సినిమా వచ్చి ఆడింది.

ఆ చిన్న బండిలో అంత శక్తి ఎక్కడిదో చెప్పాలంటే తూర్పు జర్మనీలోని చోపావ్ ఊరికి పోవాలి. అక్కడి ఎంజెడ్ కార్ఖానాలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, డబ్బూ సామానూ అంతంత మాత్రంగా ఉన్న రోజుల్లో, రెండు స్ట్రోకుల ఇంజన్ రహస్యాన్ని దాని పొగగొట్టంలో వెతికాడు. పొగ బయటికి దూసుకుపోతున్నప్పుడు దాని వెంట ఒక ఒత్తిడి అల బయలుదేరుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట ఆ అల వెనక్కి ఒక లాగుడును పంపుతుంది. ఆ లాగుడుకు మిగిలిన పొగ బయటికి పోయి, కొత్త గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. గొట్టం మళ్లీ సన్నబడే చోట తగిలి తిరిగొచ్చే అల, పోర్టు మూసుకునే లోపే, బయటికి జారిపోతున్న కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లోకి తోసేస్తుంది. ఈ లెక్కతో ఆయన 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ పిండాడు. అదే ఏడాది సెప్టెంబరులో, స్వీడన్‌లో జరిగిన పోటీ నుంచి ఆయన రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకిలో చేరాడు. మరుసటి ఏడే సుజుకి 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆ విద్య జపాన్ అంతా పాకింది. అట్లా ఒక పేద కార్ఖానాలో పుట్టిన తెలివి తిరిగి తిరిగి మన జీతగాళ్ల బండ్లలోకి చేరింది.

ఈ సంగతి తెలియక చాలామంది తప్పుదోవ పట్టారు. సైలెన్సర్‌ను కోసి, లోపలి జాలీ పీకేస్తే చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి వేగం పెరిగిందని చెవి నమ్ముతుంది. నిజానికి ఆ అలల లెక్క చెడి, కింది గేర్లలో బండి లాగుడు పోతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేసినవాళ్లది ఇంకా పెద్ద నష్టం. గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, ప్లగ్గు తెల్లబడి, కాళేశ్వరం దారిలో ఎక్కడో పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్గు కొస కాఫీ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే ప్రమాదం ముంచుకొచ్చినట్టు. ఈ ఒక్కటి చదవడం వచ్చినవాడు సగం మిస్త్రీ అయినట్టే.

భూపాలపల్లిలో ఫిల్టర్ సంగతికి ఇంకో బరువు ఉంది. ఈ ఊరికి రైలు లేదు. బొగ్గు బయటికి పోయేదీ, సరుకు లోపలికి వచ్చేదీ రోడ్డు మీదే. లారీ వెనక లారీ పోయే ఆ దారి మీద బొగ్గుపొడి గాలిలో తేలుతూనే ఉంటుంది. ఆర్‌ఎక్స్ ఫిల్టర్ నురుగు లాంటి స్పాంజి. దాన్ని కిరోసిన్‌లో ముంచి, మెలితిప్పకుండా పిండి, ఆరబెట్టి, మళ్లీ కొంచెం ఇంజన్ ఆయిల్ పట్టించి, మిగిలింది పిండేసి పెట్టాలి. ఆ నూనె తడికే పొడి అంటుకుంటుంది. ఎండుగా పెడితే పొడి నేరుగా సిలిండర్‌లోకి పోయి గోడలను గీరుతుంది. వేరే ఊరివాడు రెండు, మూడు నెలలకు చేసే ఈ పనిని ఇక్కడివాళ్లు ప్రతి ప్లేడేకు చేసేవాళ్లు.

సైలెన్సర్ కడగడం పెద్ద కార్యక్రమం. ఆయిల్ కలిసిన పెట్రోలు కాలి కాలి గొట్టం లోపల తారు లాంటి మసి పేరుకుంటుంది, బండి మందగిస్తుంది. గొట్టాన్ని విప్పి, ఒక కొసను గుడ్డలూ చెక్కబిరడాతో మూసి, బకెట్‌లో కాస్టిక్ సోడా కలిపి అందులో పోసి, రాత్రంతా నిలబెడతారు. నీళ్లలో సోడా వేయాలే గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతికి రబ్బరు తొడుగు లేకపోతే చర్మం ఊడివస్తుంది. తెల్లారి వంపేస్తే నల్లటి చిక్కటి ద్రవం కారుతుంది. ఆ తరువాత నీళ్లతో పలుమార్లు కడగాలి. ఇనుప సైలెన్సర్‌కే ఈ వైద్యం. అల్యూమినియం హెడ్‌నో, పిస్టన్‌నో అందులో వేస్తే సోడా దాన్ని తినేస్తుంది. వాటి మసిని చెక్కపుల్లతో, ఓపికగా గీకాల్సిందే. నున్నటి అల్యూమినియం మీద ఇనుప పేచ్‌కస్ పెట్టడానికి చెయ్యి తెలిసినవాడు ఒప్పుకోడు.

వేగం పెంచే పనులు కూడా జరిగేవి. వరంగల్ లేత్ షాపుల్లో హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచేవాళ్లు, ఎక్జాస్ట్ పోర్టు అంచును సన్నటి ఆకురాయితో ఎత్తు చేసేవాళ్లు, పెద్ద జెట్ వేసేవాళ్లు. సామాను దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్‌కు మనిషిని పంపేవాళ్లు, ఆర్టీసీ బస్సులో పార్శిల్ వచ్చేది. అయితే ఇన్ని చేసిన వాళ్లలో బ్రేకు గురించి ఆలోచించిన వాళ్లు చాలా తక్కువ. నాకు ఇదే బాధ. జపాన్‌లో ఆ 350 బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మన రాజ్‌దూత్‌కు డ్రమ్మే ఇచ్చారు. ఆర్‌ఎక్స్‌కూ డ్రమ్మే. అంత దూకుడు ఉన్న బండిని అంత బలహీనమైన బ్రేకుతో నడిపి, లారీల దారిలో కుర్రవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బండికి మెరుగులు దిద్దాలనుకుంటే బ్రేకు షూలు, మంచి టైర్లు, ముందు ఫోర్క్ ఆయిల్, రాత్రి దారి చూపే లైటు ముందు రావాలి. ఇంజన్ దాకా పోయేది ఆ తరువాతే. పోటీల్లో తిరిగిన మెకానిక్ ఎవరైనా ఇదే చెబుతాడు.

కార్ల వైపు చూస్తే మన కథ పొట్టిదే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇంటి ముందు కారు నిలబడింది. మూడు సిలిండర్ల ఆ 796 సీసీ ఇంజన్ పెద్ద రెంచీ కిట్టు లేకుండానే విప్పుకోవచ్చు. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ ఆ ఇంజన్‌నే వెనక అమర్చి ఒంటి సీటు రేసు కార్లు కట్టించాడు. ఫార్ములా మారుతి అని పిలిచిన ఆ కార్లతోనే 1980ల చివరి నుంచి మన దేశంలో సామాన్యులు రేసు ట్రాకు ఎక్కారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే. హైదరాబాద్‌లో కె. సుధాకర్ చిన్నప్పటి నుంచి పాత ఇనుముతో బండ్లు కట్టి, క్రికెట్ బ్యాటు, బూటు, బర్గర్ ఆకారాల్లో నిజంగా నడిచే కార్లు చేసి, 2010లో వాటికి మ్యూజియం తెరిచాడు. ఆయన 2005లో చేసిన భారీ ట్రైసైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. వాటి ఆకారాలు చూసి పిల్లలు నవ్వుతారు గానీ, ఛాసిస్ నుంచి స్టీరింగు దాకా ఒక మనిషి తన షెడ్డులో కట్టినవని తెలిస్తే పెద్దవాళ్లు ఆగి చూస్తారు.

మా వైపు ఈ పని బాగా సాగింది వరంగల్‌లో. 1959లో మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలోనూ, చుట్టుపక్కల కాలేజీల్లోనూ విద్యార్థులు బాజా, సుప్రా పోటీల కోసం బండ్లు కడతారు. గొట్టాలు కోసి వెల్డింగు చేసి, ఇంజన్ ఒకటి తెచ్చి బిగించి, సస్పెన్షన్ లెక్కలు తామే వేసుకుంటారు. వంద కాగితాల పరీక్ష నేర్పలేనిది ఒక వంకర వెల్డు నేర్పుతుంది.

ఇంతలో కాలం మారింది. 2008లో యమహా ఆర్15 ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, నీళ్లతో చల్లబడే ఇంజన్‌తో వచ్చింది. 2013లో డ్యూక్ 390 వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నియమాలు అమల్లోకి వచ్చాక చిన్న బండ్లకు కూడా కార్బురేటర్ పోయి సెన్సర్లు వచ్చాయి. పొగ తగ్గింది, అది మంచిదే. బొగ్గుపొడి పీల్చే ఊళ్లో రెండు స్ట్రోకుల పొగ కూడా పీల్చమని ఎవరికీ చెప్పలేం. కానీ జెట్ విప్పి ఊదే రోజులు పోయాయి. బండి ఎందుకు ఆగిందో చెప్పే ముక్క ఇప్పుడు ఒక నల్లటి డబ్బాలో ఉంది, దాన్ని చదవాలంటే స్కానర్ కావాలి.

చట్టం కూడా బిగిసింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న స్వరూపాన్ని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అట్లా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చు. మార్చిన సైలెన్సర్లను పోలీసులు కుప్పపోసి రోడ్డు రోలర్‌తో తొక్కించారు. ఆసుపత్రుల ముందు, బడుల ముందు ఆ రొద భరించినవాళ్లకు ఆ పని తప్పనిపించదు, నాకూ అనిపించదు. అయితే రొద చేసేవాడినీ, తన బండి బ్రేకు తాను బాగుచేసుకునేవాడినీ ఒకే గాటన కట్టకూడదు. చట్టం వద్దన్నది స్వరూపం మార్చడాన్ని. ఆయిల్ మార్చుకోవడం, ప్యాడ్లు వేసుకోవడం, గొలుసు, ఫిల్టర్, కూలెంట్ చూసుకోవడం యజమాని హక్కు. కొత్త బండి కొన్న చాలామంది కుర్రవాళ్లకు ఈ తేడా తెలియక, సీటు కింద ఏముందో చూడటానికి కూడా జంకుతున్నారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. 2.8 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పొగ లేదు, ఆ పాత ఇంజన్ రొద లేదు. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది. కానీ కరెంటు బండి మన ఇళ్ల ముందుకు వచ్చేసింది. అది వచ్చాక చేతి పని అక్కరలేదని అనుకునేవాళ్లు గని ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. కేబుల్ జాయింటులో తేమ చేరితే ఏమవుతుందో, కనెక్టరు వదులైతే ఎక్కడ వేడెక్కుతుందో, బేరింగు ఎట్లా పోతుందో భూమి కింద వాళ్లు రోజూ చూసినదే.

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, గృహోపకరణాలతో పాటు మోటారు వాహనాలనూ అందులో చేర్చింది. సర్వీస్ మాన్యువల్, విడిభాగాల వివరం బయటి మెకానిక్‌కూ, యజమానికీ అందాలన్నది దాని ఉద్దేశం. అది మన చేతికి రావాలంటే ఆ మాన్యువల్ తెలుగులో ఉండాలి. టార్క్ ఎంత, ఆయిల్ గ్రేడు ఏది, ఏ ఫాల్ట్ కోడ్‌కు ఏ సెన్సర్ చూడాలి అన్నవి తెలుగు లిపిలో, బొమ్మలతో అచ్చయితే, ఇక్కడి ఫిట్టరు కొడుక్కు మిగతాది ఎవరూ నేర్పక్కర్లేదు. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. భూపాలపల్లికి దగ్గరగా ఉన్న కేంద్రంలో ఒక స్కానర్‌నూ, ఒక టార్క్ రెంచీనీ, ఒక ర్యాంపునూ సాయంత్రం రెండు గంటలు బయటివాళ్లకు కూడా తెరిచి పెడితే, మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి తమ బండ్లేసుకొని అక్కడికే వస్తారు.